బావి చుట్టూ నేర్చిన ఈత

మా బావి మెట్లలో ఏడోది మిగతావాటికంటే నడుమ కొంచెం గుంట పడి ఉంటుంది. బాపమ్మ, అంటే మేం బాపు అని పిలిచే నాన్నకు తల్లి, ఆ మెట్టు మీద కూర్చునేది. ఆమె కూర్చోవడం వల్లనే అరిగిందో, పైనుంచి కారే నీటికి అరిగిందో నాకు తెలియదు. పోయిన చలికాలం, చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ ఆ మెట్లు దిగుతూ అక్కడికి వచ్చేసరికి నా కాలు దానంతట అదే పక్కకు జరిగింది, కూర్చున్న మనిషికి తగలకుండా దిగేటప్పుడు జరిగినట్టు. నా వెనకాల తువ్వాల భుజాన వేసుకుని అన్న వస్తున్నాడు. ఆయన కూడా పక్కకు జరిగే దిగాడు. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

నేను ఆ బావికి పోయింది పాత సంగతులు తలచుకోవడానికి కాదు, ఈత కోసం. అదీ వేరే దారి లేక. నిజామాబాద్‌లో మా ఇంటికి దగ్గరున్న ఈతకొలనులో ఐదారేళ్ళుగా పొద్దున పూట ఈదుతున్నాను. నలభై ఎనిమిదో ఏట చిన్ననాటి ఆయాసం మళ్ళీ తలెత్తినప్పుడు మొదలుపెట్టిన అలవాటు అది. పట్నంలో సైకిళ్ళు తొక్కేవాళ్ళు కొందరు కలిసి ఏటా చలికాలంలో చిన్న ట్రయాథ్లాన్ పెడతారు. ముందు ఈత, ఆ తడి బట్టల మీదే సైకిలు, సైకిలు దిగి పరుగు, నడుమ ఆగేది లేదు. దూరాలు చిన్నవే. అంతకుముందు ఏడు ఆ కొలనులోనే ఈది, పోటీ మొత్తం పూర్తిచేశాను, చివరి నుంచి మూడోదాన్ని. ఆ సంబరంలో, వచ్చే ఏటి దాకా ఖాళీ నెలల్లో కూడా సాధన వదలనని దేవుడి పటం ముందు అనుకున్నాను. దసరాకు ముందే న్యుమోనియా వచ్చింది. కొన్నాళ్ళు ఆస్పత్రి మంచం, ఆ తర్వాత రెండు నెలలు ఇంటి మంచం. బతికించినందుకు దేవుడికి రోజూ దండం పెట్టుకున్నాను కానీ, వంటింటి నుంచి పూజ గదికి నడిచినా గోడ పట్టుకోవలసి వచ్చేది. లేచి తిరగగలిగేసరికి పోటీ మూడు వారాల్లో ఉంది. కొలనును మరమ్మతులకని ఎండగట్టారు. పోటీలో ఈతను ఊరి బయటి చెరువుకు మార్చారు.

వద్దనే అన్నారు అందరూ. డాక్టరు మాత్రం బాగా ఆలోచించి, ఆయాసం వస్తే అక్కడికక్కడే ఆపాలన్న షరతు మీద ఒప్పుకున్నారు. మా ఇంటాయన కోపం చేసే మనిషి కాదు. ఆయన భయపడితే దుకాణంలో బట్టల తాన్లు విప్పి మళ్ళీ చుడతారు, అంతే. ఆ వారమంతా చుడుతూనే ఉన్నారు. చూడలేక నేనే ఒక మాటిచ్చాను. ఈతకు ఇరవై నిమిషాల గడువు. అది దాటినా, ఊపిరి అందకపోయినా పడవలోకి ఎక్కించుకుని తెస్తారు. అట్లా నన్ను పడవలో తెచ్చిననాడు ఇక ఈ జన్మకు నీళ్ళ జోలికి పోను అన్నాను. ఆయన తల ఊపారు. మాటిచ్చాక గానీ నాకు తెలియలేదు, నేనేం పణంగా పెట్టానో. నా ఊపిరి నాదేనని నాకు చెప్పేది ఆ నీళ్ళు ఒక్కటే.

అది నాకు చిన్నప్పుడే తెలుసు. మా చేను రుద్రూర్ దాటాక బోధన్ దిక్కుకు పోయే దారి పక్కన. ఇల్లూ చేనులోనే. కిటికీ తెరిస్తే చెరకాకు లోపలికి వచ్చేది. పొద్దుగాల బాపమ్మ వాకిలి ఊడ్చే చప్పుడు, ఆమె గొంతులోనే గునుగుకునే భజన, అవ్వ, అంటే మా అమ్మ, కాగు కింద పెట్టిన చెరకు పిప్పి మంట, జొన్న రొట్టె కాలే వాసన, వీటికి నేను మేల్కొనేదాన్ని. గాలి తూర్పుకు తిరిగితే చక్కెర ఫ్యాక్టరీ నుంచి మడ్డి వాసన వచ్చేది, తియ్యగా, కొంచెం పులిసినట్టు. ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ మూతపడి ఎన్నో ఏళ్ళయింది, గాలి ఎటు తిరిగినా ఏ వాసనా రాదు. అప్పుడు మాత్రం ఆ వాసన వచ్చిందంటే చెరకు నరికే కాలం వచ్చినట్టు, చెరకు నరికితే ఆకు కాలుస్తారు, ఆకు కాలిస్తే నాకు ఆయాసం. రెండు నెలలు బడికి పోయాను. మూడో నెల మాస్టారు బాపును పిలిచి, పిల్ల దగ్గుతుంటే మిగతా పిల్లలు పాఠం వినడం లేదు, కొన్నాళ్ళు ఇంట్లో ఉంచండి అన్నారట. ఆ కొన్నాళ్ళు అయిపోనే లేదు. ఐదో తరగతి చదివిన అవ్వ చాటలో బూడిద పరిచి నా చేత అక్షరాలు దిద్దించింది. తప్పు రాస్తే చాట ఒకసారి కుదిపేది, అక్షరం పోయేది. కొట్టేది కాదు, తిట్టేది కాదు. నా తప్పులన్నీ అట్లా చప్పుడు లేకుండా పోయినందుకు ఆమెకు ఇప్పటికీ మనసులో మొక్కుతాను.

ఒక చలికాలం నా గోర్లు నీలంగా మారితే బాపు సైకిలు మీద కూర్చోబెట్టుకుని బోధన్‌లో డాక్టరుకు చూపించాడు. మందు రాసిచ్చి, వీలైతే ఈత నేర్పించండి, రొమ్ము గట్టిపడుతుంది అన్నాడాయన. అవ్వ ఏడ్చింది. ఊపిరి ఆడని పిల్లను నీళ్ళలో వేస్తారా అని. బాపు ఎటూ తేల్చుకోలేక తన తల్లి వైపు చూశాడు. తెల్లవారి బాపమ్మ ఎండిన ఆనిగెపుకాయ, అంటే సొరకాయ, బుర్రకు తాడు కట్టి తెచ్చి, నీళ్ళలో తేల్చడానికి నా వీపున కట్టి, బావి దగ్గరికి తీసుకుపోయింది. ఆమెకు ఈత రాదు. షరతులు మాత్రం పెట్టింది. దిగే ముందు నీళ్ళు కళ్ళకద్దుకోవాలి, అందులో గంగమ్మ ఉంది గనుక. ఈదేటప్పుడు గుడి చుట్టూ తిరిగినట్టు తిరగాలి, బావి నడుమ ఎప్పుడూ కుడిచేతి దిక్కే ఉండాలి. ఎంత ఈత వచ్చినా నడుమ మీదుగా దాటవద్దు. గంగమ్మ తల మీంచి పోతారా ఎవరైనా.

అన్న అప్పటికే చేపపిల్ల. ఆయన కూడా ఆ షరతుకు లోబడే తిరిగేవాడు. నడుమ నీళ్ళు ఎప్పుడూ నిశ్చలంగా, ఎవరూ ముట్టనట్టు ఉండేవి. అది భక్తి అని అప్పుడు అనుకున్నాను. పెద్దయ్యాక అర్థమైంది, అట్లా తిరిగితే ఎడమచేతికి ఎప్పుడూ గోడ అందుతుంది. ఏ క్షణాన ఊపిరి తప్పినా పట్టుకోవడానికి ఒక రాయి ఉంటుంది. ఆమె రెండూ అనుకునే పెట్టిందేమో. ఆమెలో ఆ రెండూ వేరువేరుగా ఉండేవి కావు. నేను తిరిగినంతసేపూ ఏడో మెట్టు మీద మోచేతులు మోకాళ్ళకు ఆనించి కూర్చునేది. ఎక్కి రాగానే కొంగుముడి విప్పి శొంఠి కలిపిన బెల్లం ముద్ద నా నోట్లో పెట్టేది. గొంతులో మంట దిగి, దాని వెనకాలే ఊపిరి దిగేది. అడిగి పెట్టేది కాదు, నేనూ వద్దనేదాన్ని కాదు.

నాకు పదకొండో ఏడు వచ్చేసరికి బుర్ర లేకుండానే తిరుగుతున్నాను. ఒక పొద్దున మెట్లకు సరిగ్గా ఎదురుగా, అవతలి గోడ దగ్గర ఉండగా గాలి మారింది. పక్క చేనులో కాలుస్తున్న చెరకాకు పొగ నేరుగా బావిలోకి దిగింది. రెండుసార్లు పీల్చాను, మూడోసారి ఏమీ లోపలికి పోలేదు. గోడ రాయి పట్టుకున్నాను. నాచు పట్టి జారుతోంది. మెట్ల దాకా గోడ వెంట రావాలంటే సగం బావి తిరగాలి. పొగ గోడల వెంటే కిందికి దిగుతోంది. అన్న ఒడ్డున లేడు, బాపును పిలవడానికి ఉరికాడు. అప్పుడు బాపమ్మ లేచి నిలబడింది. ఆమె గొంతు పెద్దది చేయలేదు.

"బిడ్డా, సుట్టు రాకు. నడుమకెల్లి సక్కగ నా దిక్కు రా. నీళ్ళ దిక్కు సూడకు, నా మొఖం సూడు."

నేను కదల్లేదు. గంగమ్మ అన్నానో, అనాలనుకున్నానో.

"గంగమ్మకు నేను జెప్పుకుంట తీయ్. నువ్వు రా."

రాయి వదిలేశాను. నాలుగు బారలకు ఒకసారి తల ఎత్తితే ఆమె మొహం, మళ్ళీ నీళ్ళు, మళ్ళీ ఆమె మొహం. నడుమ నీళ్ళు గోడ పక్క నీళ్ళకంటే చల్లగా ఉన్నాయి. ఈత రాని ఆ మనిషి నడుము లోతు దాకా దిగి వచ్చి నా జుట్టు పట్టుకుంది. ఆ సాయంత్రం స్నానం చేసి, మెట్టుకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, చాలాసేపు చేతులు జోడించుకుని నిలబడింది. తాను పెట్టిన షరతును తానే తప్పించినందుకు తప్పు ఒప్పుకుంది. తెల్లవారి మళ్ళీ నన్ను బావికి తీసుకుపోయింది. మళ్ళీ గోడ వెంటే తిప్పింది. దాటడం ఆ ఒక్కసారికే.

ఇదంతా నాకు గుర్తు లేక కాదు. కానీ గుర్తుండటం వేరు, ఒంటికి గుర్తుండటం వేరు. పోటీకి ముందు పది రోజులు అన్న దగ్గరే ఉండి పొద్దున పొద్దున బావిలో దిగాను. మొదటి రోజు మూడు చుట్లకే ఛాతీలో పిల్లనగ్రోవి మొదలైంది. అన్న ఏడో మెట్టు వదిలేసి ఎనిమిదో మెట్టు మీద కూర్చుని సణిగేవాడు.

"ఏండ్లు మీద వడ్డయి, ఊపిరి సక్కగ లేదు, నీకు పోటీలు గావాల్నా చెల్లె?"

"డాక్టరు ఒప్పుకున్నడన్నా. ఆయాసమొస్తే ఆపమన్నడు."

"ఎట్ల ఆపుతవ్? చెరువు నడుమ బస్టాండు ఉంటదా, దిగి కూసోనికి?"

ఆరో రోజుకు పదిహేను చుట్లు తిరిగాను. తొమ్మిదో రోజుకు ముప్పై. నాకు ఎంత నిబ్బరం వచ్చిందంటే, పోటీ రోజు రమ్మని అన్నను అడిగాను. ఆ రోజు చెరకు నరికేవాళ్ళు వస్తున్నారు, కుదరదు అన్నాడు. ఆ ముప్పై చుట్లలో నా ఒళ్ళు ఏం నేర్చుకుంటున్నదో నేను గమనించలేదు. పట్నం కొలనులో అడుగున నల్లగీత ఉంటుంది, దాని వెంట పోతే చాలు. ఆ గీత లేని చోట నాకు తెలిసిన ఈత ఒక్కటే, కుడిదిక్కుకు తిరిగేది.

పోటీ పొద్దున చెరువు మీద పొగమంచు పలచగా ఉంది. నీళ్ళు కళ్ళకద్దుకుంటే చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి. నా పక్కన నాందేడ్ దిక్కు నుంచి వచ్చిన ఒకావిడ, నా వయసుకు కొంచెం తక్కువ, నా వేళ్ళు చూసి "తాయీ, భీతి వాటతె కా" అంది. భయమేస్తోందా అని. అవునని తల ఊపాను. తనకూ అంతేనన్నట్టు నవ్వి నా మోచేయి నొక్కింది. ఆమె పేరు కూడా అడగలేదు, ఆ నొక్కు మాత్రం ఇంకా మోచేతి మీద ఉంది. ఈల వేశారు. పసుపుపచ్చ బుడగ దాకా పోయి, దాన్ని ఎడమచేతి దిక్కు ఉంచుకుని తిరిగి, మళ్ళీ ఒడ్డుకు రావాలి.

ఊపిరి బాగానే ఉంది. అదే నన్ను మోసం చేసింది. బారలు లెక్కపెట్టుకుంటూ, శివ శివ అనుకుంటూ, తల నీళ్ళలోనే ఉంచి పోయాను. చుట్టూ కాళ్ళు కొట్టే చప్పుడు తగ్గింది. నేను వెనకపడ్డాను అనుకున్నాను. తర్వాత ఆ చప్పుడు అసలే లేదు. తల ఎత్తితే నా ముందు తుంగ. బుడగ ఎక్కడో ఎడమపక్క, దూరంగా. కాపలాకు పెట్టిన పడవ నా దిక్కు వస్తోంది. అందులో చేపలు పట్టే ఆయన, మఫ్లరు చెవులకు చుట్టుకుని.

"అక్కా, గటెటు వోతున్నవ్? బుడగ ఇటున్నది."

తిప్పుకున్నాను. బుడగ దాకా పోయేలోపు ఇంకోసారి కుడికి పోయాను, ఆయన ఇంకోసారి పిలిచాడు. బుడగ తిరిగేసరికి నాతో దిగినవాళ్ళు ఒక్కరూ నీళ్ళలో లేరు. అప్పుడు ఛాతీ బిగుసుకుంది. చలికో, భయానికో, పొగ లేకుండానే పొగ దిగినట్టయింది. వెల్లకిలా తిరిగి తేలాను. పడవ పక్కకు వచ్చి ఆగింది. తెడ్డు నుంచి నీటి చుక్కలు నా మొహం మీద పడుతున్నాయి.

"ఎక్కుతవా అక్కా? టైం గూడ దగ్గర వడ్డది."

ఆయన గొంతులో బలవంతం లేదు, చెయ్యి మాత్రం చాపి ఉంది. ఆ చెయ్యి పట్టుకుంటే అయిపోతుంది. ఇంటికి పోయి వేడి నీళ్ళు పోసుకుంటాను, మా ఇంటాయన తాన్లు చుట్టడం ఆపుతారు, మళ్ళీ ఏనాడూ నీళ్ళలో దిగను. తల అడ్డంగా ఊపి బోర్లా తిరిగాను. ఒడ్డు వైపు చూశాను. జెండాలు, జనం, గొడుగులు, అందరూ ఊగుతున్నారు, చేతులు ఊపుతున్నారు. దేన్ని పట్టుకుని పోవాలో తెలియలేదు. అంతమందిలో ఒక్క మనిషి మాత్రం నిలబడి లేడు. నీటి అంచున కట్ట రాయి మీద, మోచేతులు మోకాళ్ళకు ఆనించి, తలకు ఎర్ర తువ్వాల చుట్టుకుని కూర్చుని ఉన్నాడు. చెరకు నరికేవాళ్ళను వదిలేసి వచ్చాడు అన్న.

నాలుగు బారలు, తల ఎత్తి ఎర్ర తువ్వాల. మళ్ళీ నాలుగు బారలు. కుడిచెయ్యి లాగినప్పుడల్లా ఒళ్ళు తిరగబోయేది, తల ఎత్తితే తువ్వాల ఎడమకు జరిగి ఉండేది, సరిచేసుకునేదాన్ని. ఆయన పిలవలేదు, చెయ్యి ఊపలేదు. కదిలితే నేను తప్పిపోతానని తెలిసినట్టు కూర్చున్నాడు. మోకాలికి బురద తగిలింది. గడియారం పట్టుకున్న అమ్మాయి గట్టిగా అరిచింది, ఇంకా నిమిషం లోపే మిగిలి ఉందని.

లేచి నిలబడేసరికి అన్న నా ముందు ఉన్నాడు. గుప్పిట విప్పి చాపాడు. శొంఠి బెల్లం ముద్ద.

"నోట్ల ఏస్కో. ఊపిరి దిగుతది."

గడియారం అమ్మాయి వెంటనే అడ్డం వచ్చింది. బయటివాళ్ళ చేతి నుంచి ఏదీ తీసుకోవద్దమ్మా, తీసుకుంటే పోటీ నుంచి తీసేస్తారు అంది. అన్నకు అది అర్థం కాలేదు. నా మొహం చూశాడు. ఊపిరి ఈల వేస్తోంది నాకు, ఆయనకు వినబడుతోంది.

"ఇప్పుడొద్దన్నా" అన్నాను.

పుట్టి బుద్ధెరిగాక ఆ ముద్దను నేను వద్దనడం అదే మొదటిసారి. ఆయన గుప్పిట మెల్లగా మూసుకున్నాడు. చూస్తూ నిలబడితే ఏడుపు వచ్చేది, ఏడిస్తే ఆ ఉన్న ఊపిరి కూడా పోయేది. సైకిలు దగ్గరికి ఉరికాను.

సైకిలు మీద ఎదురుగాలి. చెరకు ట్రాక్టర్లు ఆగి ఆగి పోతున్నాయి, వాటి వెనక ఆకు ఎగిరి మొహాన పడుతోంది. బాపు సైకిలు కడ్డీ కింది నుంచి కాలు పోనిచ్చి తొక్కుతూ, కూలీలకు సద్దిగిన్నె మోసిన చిన్ననాటి నేను ఎట్లా తొక్కానో అట్లాగే, ఒక్కో తొక్కుకు ఒక్కో ఊపిరి పంచుకుంటూ పోయాను. పరుగులో రెండుసార్లు నడిచాను. ఒకచోట కరెంటు స్తంభాన్ని పట్టుకుని నిలబడి, వదలాలా వద్దా అని నన్ను నేనే అడిగాను. డాక్టరు మాట ఒకటుంది. కళ్ళు మూసుకుని పదిసార్లు నెమ్మదిగా పీల్చాను. లోపలికి పోతోంది, తక్కువే, కానీ పోతోంది. స్తంభాన్ని వదిలేశాను. నేను వచ్చేసరికి ముగింపు గీత దగ్గర కట్టిన గుడ్డ సగం విప్పేశారు. విప్పుతున్నవాళ్ళు నన్ను చూసి మళ్ళీ ఎత్తి పట్టుకున్నారు. వాళ్ళ చేతులకు పుణ్యముంటుంది. అందరికంటే చివరిదాన్ని.

మా ఇంటాయనకు ఫోను చేసి పడవ ఎక్కలేదని చెప్పాను. అన్నం తిన్నావా అన్నారు, పొద్దున తొమ్మిది కూడా కాలేదు.

అన్న ఆ కట్ట రాయి మీదే కూర్చుని ఉన్నాడు. గుప్పిట మూసే ఉంది. విప్పమన్నాను. బెల్లం కరిగి అరచేతికి, వేళ్ళ సందులకు పట్టేసింది, శొంఠి పొడి గీతల్లో నల్లగా నిలిచింది.

"పక్కకు వెట్టకపోయినవా ఇంతసేపు?"

"ఏడ వెడుతనే, మన్నుల?"

నేను ముందు చెరువు నీళ్ళు చేతిలోకి తీసుకుని కళ్ళకద్దుకున్నాను. చక్కగా నడుమకెల్లి వచ్చాను తల్లీ, ఏమనుకోకు, అన్నాను. మా తరఫున చెప్పుకోవడానికి ఇప్పుడు ఇంకెవరూ లేరు. తర్వాత ఆయన అరచేతిలోంచి గోటితో గీకి గీకి తిన్నాను. గొంతులో మంట దిగింది. దాని వెనకాలే ఊపిరి.

కూర్చోమని అన్న కొంచెం పక్కకు జరిగాడు. నేను కూర్చున్నాక చూస్తే, మా ఇద్దరి నడుమ ఇంకొక మనిషి పట్టేంత చోటు మిగిలి ఉంది. ఎండ వచ్చేదాకా అట్లాగే కూర్చున్నాం. ఎవరమూ దగ్గరికి జరగలేదు.